కొత్త జిల్లా కనపడలేదా?

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి, చంద్రగిరి, శ్రీకాళహస్తి, నెల్లూరు జిల్లా నుంచి గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి వైపు ప్రాంతాలు కలిసి తిరుపతి జిల్లా ఏర్పడింది. 1979లో విజయనగరం తర్వాత అప్పటిదాకా ఈ 13 జిల్లాల నేల మీద మరో కొత్త జిల్లా పుట్టిందే లేదు.

ఇప్పుడో చిన్న ఊహ. తిరుపతి కుర్రాడొకడు ఏదో కాలేజీ వెబ్‌సైటు చూసుకుంటున్నాడనుకుందాం. దరఖాస్తు ఫారంలో జిల్లాల జాబితా ఒక చిన్న జావాస్క్రిప్ట్ ఫైల్లో ఉంది. కొత్త పేర్లు చేర్చి సర్వర్‌లోకి ఎక్కించాడు. తన కంప్యూటర్లో చూశాడు, భేషుగ్గా ఉంది. కాసేపటికి శ్రీకాళహస్తి నుంచి ఫోను: ‘తిరుపతి జిల్లా కనపడటంలేదన్నా’. పలమనేరులో మొదటిసారి ఆ పేజీ తెరిచినవాళ్లకి మాత్రం అన్నీ కనిపిస్తున్నాయి. ఆఖరి తేదీ ఆరోజే అయితే ఆ శ్రీకాళహస్తి అమ్మాయి ఏం చేస్తుంది? చిత్తూరు అని నొక్కి పంపేస్తుంది. ఆనక సర్టిఫికెట్లో ఒక జిల్లా, దరఖాస్తులో ఇంకో జిల్లా!

ఇదంతా క్యాష్ మహిమ. డబ్బుల క్యాష్ కాదు సుమా. ‘దాచడం’ అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చిన క్యాష్. ఒకసారి తెచ్చిన బొమ్మలనీ ఫైళ్లనీ బ్రౌజర్ మన దగ్గరే దాచుకుంటుంది. మళ్లీ అడిగితే దాచినదే చూపిస్తుంది. పేజీ చప్పున తెరుచుకోవడానికీ, నెట్ ఖర్చు తగ్గడానికీ కారణం అదే. అంటే అది శత్రువేం కాదు.

చిక్కంతా గడువు దగ్గరే. పంచాంగాన్ని ఉగాది నుంచి ఉగాది వరకూ నమ్ముతాం. మదనపల్లె మార్కెట్లో టమాటా ధరని ఏ రోజుకారోజు అడుగుతాం. ఏది ఎంతకాలం నమ్మాలో సర్వరే ‘క్యాష్-కంట్రోల్’ అనే ఆదేశంతో చెప్పాలి. చెప్పకపోతే బ్రౌజర్ తానే అంచనా వేసుకుంటుంది. ఫైలు మారి ఎన్నాళ్లయిందో చూసి, అందులో పదోవంతు కాలం నమ్మడం రివాజు. వంద రోజులుగా మారని ఫైలైతే పది రోజులన్నమాట. ఏళ్ల తరబడి కదలని జిల్లాల జాబితాని ఎంత గట్టిగా నమ్ముతుందో మీరే ఊహించుకోండి!

మరి కుర్రాడికి ఎందుకు తెలియలేదు? పని చేసేటప్పుడు బ్రౌజర్‌లోని డెవలపర్ టూల్స్ తెరిచి ‘డిజేబుల్ క్యాష్’కి టిక్కు పెట్టుకున్నాడు. అది మంచి అలవాటే. కానీ ఆ టిక్కు అతని కంప్యూటర్లోనే, అదీ ఆ టూల్స్ తెరిచి ఉన్నంతసేపే పనిచేస్తుంది. అందుకే పని అయ్యాక టూల్స్ మూసేసి, అంతకుముందు సైటు చూసి ఉన్న మరో ఫోన్లో కూడా చూడాలి.

ఫోన్ చేసినవాళ్లకి ‘కంట్రోల్, ఎఫ్5 నొక్కండి’ అని చెప్పొచ్చు. ఒకరిద్దరికి చెప్పగలం, వెయ్యిమందికి? పైగా ఫోన్లో ఆ మీటలెక్కడ? ఒకసారి పంపిన ఫైలుని వాళ్ల బ్రౌజర్ నుంచి సర్వర్ వెనక్కి లాక్కోలేదు. ఉపాయం ఒకటే: ఫైలు పేరు మార్చడం. ‘జిల్లాలు-1’ బదులు ‘జిల్లాలు-2’ అంటే బ్రౌజర్‌కి అది కొత్త ఫైలే, తెచ్చుకోక తప్పదు. అలా పేరు మార్చే ఫైళ్లకి ఏడాది గడువు ఇచ్చినా భయం లేదు. ఆ పేరుని పిలిచే అసలు పేజీకి మాత్రం ‘నో-క్యాష్’ అని చెప్పాలి. పేరు చూసి మోసపోకండి, అది దాచుకోవద్దని కాదు, వాడేముందు ప్రతిసారీ ‘మారిందా?’ అని అడగమని. మారకపోతే సర్వర్ ‘304’ అని చిన్న జవాబిస్తుంది, అంతే.

అసలు దాచుకోనే వద్దంటే ‘నో-స్టోర్’ అనాలి. తిరుపతి నెట్ సెంటర్లో ఒకే కంప్యూటర్ ముందు రోజుకి ఎంతమంది కూర్చుంటారో తెలిసిందే. ఆధార్ నంబరు, మార్కుల వివరాలు చూపించే పేజీలకి ఈ ఆదేశం తప్పనిసరి. పాత జాబితా మిగిలిపోతే ఒక దరఖాస్తు తప్పవుతుంది. ఇలాంటి పేజీ మిగిలిపోతే ఒకరి గుట్టు, తర్వాత కూర్చున్నవాళ్ల చేతిలో పడుతుంది.