చిన్న కారునకు పెద్ద సింగారమేల?



గురజాల ప్రాంతమునుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసినారు. వారి కుమారుడు ఉద్యోగమున కుదురుకొని, తన సంపాదనతో ఒకరు వాడి విడిచిన చిన్న కారును కొనెనట. అంతవఱకు ఇంటిల్లిపాదియు సంతోషించిరి. అటుపిమ్మట ప్రతి నెల జీతమునుండి కొంత సొమ్ము ఆ కారునకే పోవుచున్నది. ఒక నెల చక్రములు మార్పించును. ఒక నెల రంగు వేయించును. వేఱొక నెల సీట్లకు క్రొత్త తొడుగులు కుట్టించును. ఆదివారము వచ్చినచో అన్నముమాట మఱచి బండి క్రింద దూరును. "ఈ వ్యయమంతయు కూడబెట్టి మఱికొంత చేర్చినచో పెద్ద కారే వచ్చును గదా! బంధువులెల్ల నవ్వుచున్నారు. ఇది ముచ్చటయా, పిచ్చియా? వానిని వారింపవలయునా, వలదా?" అని వారి ప్రశ్న.

ఈ ప్రశ్న వారొక్కరిది కాదు. నరసరావుపేటలోను మాచర్లలోను ఇట్టి యువకులు కలరు, దూరదేశములందును కలరు. పెద్ద కారు కొనగల స్తోమత యుండియు చిన్నదానినే పట్టుకొని వ్రేలాడువారును లేకపోలేదు. కావున ఈ మాసము మన గోష్ఠికి దీనినే విషయముగ గైకొంటిమి.

మొదట లెక్క చూతము. ఆ తల్లి వేసిన లెక్క కాగితముమీద సరియైనదే. కాని ఇల్లు దిద్దుకొను మనము ధర వేఱు, భారము వేఱు అని యెఱుగుదుము. పెద్ద కారు ఒక్కమాఱే కొనవలెను. చేత రొక్కము చాలనివానికి అప్పు తప్పదు. అప్పునకు కట్టు నెలసరి వాయిదా, మిర్చి ధర పడినదని ఆగదు. ఇంట జబ్బు చేసినదని ఆగదు. దాని టైర్లు, దాని బీమా, దాని చమురు అన్నియు పెద్దవే. చిన్న కారునకు చేయు సింగారమన్ననో, చేత సొమ్మాడు నెల చేయవచ్చును, ఆడని నెల మానవచ్చును. కాసులపేరు ఒక్కమాఱే చేయింపలేని తల్లి ఏటికొక కాసు కూర్చుకొన్నట్టిదే యిది.

అయినను ఒక భేదమును దాచరాదు. కాసునకు తిరుగు ధర కలదు. కారు సింగారమునకు లేదు. బండి అమ్మునాడు చక్రములకును రంగునకును పెట్టిన సొమ్ములో పెక్కుపాలు తిరిగి రాదు. ఇది కూడబెట్టుట కాదు, వేడుకకై పెట్టు వ్యయము. ఆ సంగతి యెఱిగి, తనకు మిగిలిన సొమ్ములోనుండి పెట్టువాడు వివేకి. ఎఱుగక అప్పు తెచ్చి పెట్టువానిని తల్లి వారింపవలసినదే.

ఇక చిన్న కారునే యేల మార్చుదురు? మన పెట్టెలోని చీరలనే యడిగిన చెప్పును. నూలుచీరకు అంచు మార్చవలెనన్నను, పాతదానిని పిల్లకు పరికిణీగా కుట్టవలెనన్నను మనకు జంకు లేదు. చెడినను పోయినది కొంచెమే. కంచిపట్టు చీరకు కత్తెర వేయుటకు చేయి రాదు. దానిని కట్టి, విప్పి, మడిచి దాచుదుము. పెద్ద కారు కంచిపట్టు వంటిది. దానిలోని పనులు పెక్కు కంప్యూటరుల యధీనమున నుండును. ఇంటివాడు చేయి పెట్టినచో తయారుచేసినవారిచ్చిన వారంటీకి భంగము కలుగవచ్చును. చిన్న కారు నూలుచీర వంటిది. పొరపాటు చేసి నేర్చుకొనుటకు అది యెడమిచ్చును.

మనదేశమున మధ్యతరగతి యిండ్లకు కారును తెచ్చినది మారుతి 800. 1983 డిసెంబరు 14వ తేదీన నాటి ప్రధానమంత్రి ఇందిరాగాంధి మొదటి కారు తాళపుచెవిని దాని యజమాని చేతికిచ్చిరి. అప్పటి ధర ఏబదివేల రూపాయలకు అటునిటుగా నుండెను. మూడు సిలిండర్ల చిన్న యింజను. దాని పరిమాణము 796 ఘనపు సెంటీమీటర్లు. బండి బరువు 650 కిలోల ప్రాంతము. 2014 జనవరిలో దాని తయారీ నిలిచినది. ఆ ముప్పదేండ్లలో 25 లక్షలకు పైగా అమ్ముడుపోయినది. పలువుర యిండ్ల నున్న వస్తువునకు ప్రతి యూర భాగములు దొరకును. దాని గుట్టు తెలిసిన మేస్త్రీయు దొరకును. మన పల్నాటివారు ఇక్కడ దొరకని భాగమునకు విజయవాడ ఆటోనగరునకు పోయి, పాతబండ్లనుండి విప్పిన సామాను బేరమాడి తెచ్చుకొందురు. బరువు తక్కువ గనుక కొంచెము మార్పు చేసినను దాని ఫలము నడుపువానికి వెంటనే తెలియును. చిన్న కారును ఎన్నుకొనుటకు ఇదియు నొక హేతువు.

అంతకంటె బలమైన హేతువు మఱియొకటి కలదు. అది తెలియవలెనన్న శివరాత్రినాడు కోటప్పకొండకు పోవలెను. నరసరావుపేట, చిలకలూరిపేటల చుట్టుపట్ల పల్లెలవారు త్రికోటేశ్వరస్వామి తిరునాళ్ళకు ప్రభలు కట్టుకొని వత్తురు. 80 అడుగులకు మించిన ప్రభలును గలవు. వెదురుబొంగులు, త్రాళ్ళు, గుడ్డలు, విద్యుద్దీపములు, ఇంతియే సామగ్రి. ఏ పల్లెవారును సిద్ధముగ నున్న ప్రభను అంగడిలో కొని తేరు. ఎక్కువ ధర పెట్టి కొన్నదని యే ప్రభకును పేరు రాదు. "ఇది మా యూరి ప్రభ" అన్న మాటలోనే సంతోషమంతయు నున్నది. కొన్న వస్తువు మన సొమ్మును చూపును. కట్టిన వస్తువు మనలను చూపును. ఒకే కొట్టునుండి ఒకేరీతిగ వచ్చిన వేయి తెల్లని కార్లలో తన కారును తన చేతి గుఱుతుతో వేఱుపఱచుకొనువాని మనసు ఈ ప్రభ కట్టువాని మనసే. ఒకే పిండితో నూఱు వాకిళ్ళలో నూఱు విధముల ముగ్గు పెట్టు మనకు ఇది క్రొత్త సంగతి కాదు.

ఇది వట్టి వేడుకతో పోక, విద్యగా మాఱిన సందర్భములును కలవు. ఇంగ్లండున 1959లో మినీ యను చిన్న కారు వెలువడెను. దానిని రూపొందించినవాడు ఆలెక్ ఇసిగోనిస్. 1956లో సూయజ్ కాలువ తగవువలన చమురు కొఱత యేర్పడగా, తక్కువ చమురుతో నలుగురు కూర్చుండి పోవుటకై చేసిన బండి యది. ఇంజను పరిమాణము 848 ఘనపు సెంటీమీటర్లు. బలము 34 గుఱ్ఱములు. పందెపు కార్లు కట్టు జాన్ కూపర్ ఈ సామాన్యపు బండిలో మంచి గుణమును కనిపెట్టి, 1961లో ఇంజనును మార్పించి దాని బలమును 55 గుఱ్ఱములకు పెంచెను. మంచు గప్పిన కొండదారుల సాగు మాంటీకార్లో పందెమున మినీ 1964, 1965, 1967 సంవత్సరములందు గెలిచినది. తనకంటె ఎన్నియో రెట్లు ధర పలుకు కార్లు దాని వెనుక నిలిచినవి.

మనకు దగ్గఱ నున్న ఉదాహరణము కోయంబత్తూరుది. ఆ నగరమున నూలుమిల్లులు స్థాపించినవారిలో పలువురు, పూర్వము తెలుగుదేశమునుండి వలసపోయిన నాయుళ్ళ కుటుంబములవారు. మిల్లుల కుటుంబమునందే జన్మించిన కరివర్ధన్‌గారికి మోటారు పందెములన్న ప్రాణము. విదేశపు పందెపుకార్లు తెప్పించుట మనవారిలో పెక్కుమందికి అలవికాని పని. ఆయన 1980ల చివర మారుతి 800 ఇంజనునే తీసికొని, దాని చుట్టు ఒక్కరే కూర్చుండి నడుపు పందెపుబండిని కట్టించిరి. దానికి ఫార్ములా మారుతి యని పేరు. కూరగాయలకు పోవు బండి యింజనుతో పందెమేమని నవ్వినవారికి కాలమే సమాధానము చెప్పినది. కోయంబత్తూరు యువకుడు నారాయణ్ కార్తికేయన్ తన తొలి పందెమును ఫార్ములా మారుతిలోనే నడిపి, 2005లో ఫార్ములా వన్ పందెములందు పాల్గొన్న మొదటి భారతీయుడయ్యెను. కరివర్ధన్‌గారు 1995లో విమానప్రమాదమున మరణించిరి. కోయంబత్తూరు చెంతనున్న పందెపుబాట వారి పేర నేటికిని వెలయుచున్నది.

ఇంతవఱకు ఆ యువకుని పక్షమున మాటలాడితిమి. ఇక రెండవ ప్రక్కను చూడవలెను.

జాన్ కూపర్ ఇంజను బలమును పెంచెనని చెప్పితిమి. దానితోపాటు ముందు చక్రములకు క్రొత్తగా డిస్కు బ్రేకులను పెట్టించుటయు జరిగెను. పరుగు పెంచినవాడు ఆపుటయు పెంచవలెను. మన వీథులలో చూచు మార్పులు కొన్ని ఇందుకు విరుద్ధముగ నున్నవి. సైలెన్సరు తీసి, లేక మార్చి, పసిబిడ్డలు నిద్రించు వేళ మ్రోత చేయుచు పోవుటలో విద్య యేమున్నది? కొలతకు మించిన టైర్లు వేసినచో అవి మలుపులయందు బండి రేకును ఒరయును. వేగము చూపు ముల్లు తప్పు చెప్పును. స్ప్రింగులు కోసి బండిని క్రిందికి దించినచో మన గతుకుల దారులలో అది అదుపు తప్పవచ్చును.

చట్టము సంగతియు ఇల్లాలికి తెలిసియుండవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారుచేసినవారు నిర్ణయించినట్టియు, రిజిస్ట్రేషను పత్రమున నున్నట్టియు వివరములకు భిన్నముగ బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఈ నియమమును దృఢపఱచినది. ఆ యేడే చట్టమును సవరించి, అనుమతిలేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాగాని, ఆఱు నెలలవఱకు కారాగారముగాని, రెండునుగాని విధింపవచ్చునని చేర్చిరి. అద్దములకు నల్లని పొరలంటించుటను సుప్రీం కోర్టు 2012లోనే నిషేధించినది. ముందువెనుకల అద్దములగుండ నూటికి 70 పాళ్ళు, ప్రక్క అద్దములగుండ 50 పాళ్ళు వెలుతురు పోవలెనని నియమము. బండి ముందు బిగించు ఇనుపకమ్ములను 2017 డిసెంబరులో కేంద్ర రవాణాశాఖ కూడదన్నది. అవి నడచిపోవువారిని గాయపఱచుటయేగాక, ప్రమాదవేళ లోనివారిని కాపాడు గాలిసంచులు సమయమునకు విచ్చుకొనకుండ జేయవచ్చును. బండి రంగు మార్చినచో రవాణాశాఖకు తెలిపి పత్రమున వ్రాయించుకొనవలెను, బీమావారికిని తెలుపవలెను. తెలుపనిచో ఆపదవేళ పరిహారము రాక తగవు పడును.

అయినను చట్టము మార్పునంతటిని ద్వేషింపలేదు. ఆమోదము పొందిన పరికరములతో బండిని గ్యాసుమీద నడుచునట్లు మార్పించుకొనుటకు అనుమతి కలదు. కాళ్ళు చాలనివారికై బ్రేకును క్లచ్చిని చేతితో నడుపునట్లు అమర్పించుటకును మార్గము కలదు. ఎంత ధర పెట్టి కొన్న కారయినను, ఇట్టి యమరిక లేనిచో వారికి వట్టి పెట్టెయే. తెలిసిన మేస్త్రీ చేతిలో అమరిన చిన్న కారు, ఒకరి చేయూత కొఱకు ఎదురుచూచువానికి ఇల్లు దాటి పోవు స్వాతంత్ర్యమును ఇచ్చును. బండిని మనిషికి తగినట్లు మార్చు విద్యకు ఇంతకు మించిన సార్థక్యము లేదు.

ఇక ఆ సోదరికి కష్టము కలిగించిన బంధువుల నవ్వును గూర్చి ఒక మాట. మనలో నేటికిని వరునకు కారెంతటిదని చూచి పిల్లనిచ్చువారున్నారు. పిల్లనిచ్చువారినే కారడుగువారును ఉన్నారు. కట్నమును చట్టము 1961లోనే నిషేధించినను పెండ్లి మాటలలో కారు మాట పోలేదు. మామగారి పొలము అమ్మించి తెచ్చిన పెద్ద కారులో తిరుగువాని కంటె, స్వార్జితముతో కొన్న చిన్న కారును తన చేతులతో తీర్చుకొని, అందు తృప్తినొందువాడు ఏ యింటి ఆడపిల్లకైనను మేలైన వరుడని మా యభిప్రాయము. వస్తువును కాపాడుకొనుటయందు ఓర్పు గలవానికి మనుష్యులయందును ఓర్పు గలుగునని ఆశింపవచ్చును. బంధువులు నవ్వినచో ఈ మాటనే వారితో చెప్పుదురుగాక.

కావున ఆ సోదరి తన కుమారుని వారింపక, మూడు సంగతులు మాత్రము అడుగవలెను. "నాయనా, ఈ సొమ్ము నీ మిగులులోనిదా, అప్పులోనిదా?" అన్నది మొదటిది. "ఈ మార్పువలన దారిన పోవువారికిగాని, నీకుగాని అపాయమున్నదా? రవాణాశాఖవారు సమ్మతింతురా?" అన్నది రెండవది. "ఇది నీవు నేర్చిన పనియా, ఎవరినో చూచి పెట్టించిన పనియా?" అన్నది మూడవది. ఒక చిన్న పుస్తకమున నెలనెల లెక్క వ్రాయించవలెను. లెక్క కన్నులయెదుట నున్నచో ముచ్చట తనంతట తానే మితమున నుండును. ఈ మూడింటికిని సూటియైన సమాధానము వచ్చినచో, పెద్ద కారు మాట విడిచి నిశ్చింతగ నుండవచ్చును.

తుదకు ఒక విన్నపము. బండి విప్పినపుడు కొడుకుతోపాటు కూతునుగూడ చెంత నిలుపుడు. చక్రము గాలి దిగినచో జాకీ యెక్కడ నానించవలెనో, నూనె యెంత యున్నదో ఎట్లు చూడవలెనో, బ్రేకు మ్రోత దేనికి చిహ్నమో ఆమెయు నేర్చుకొననిండు. చీఁకటి వేళ మాచర్ల దారిలో బండి నిలిచిపోయినపుడు ఆ విద్య ఆమెకు అక్కఱకు వచ్చును.