ఎత్తు పెంచితే కుదుపు తగ్గుతుందా?

రాజమండ్రిలో ఓ ఉద్యోగి ముచ్చటపడి పాత థార్ కొన్నాడు. 2020కి ముందు వచ్చిన రకం. వెనక రెండు బెంచీలు ఎదురెదురుగా ఉంటాయే, అది. మొదటి ఆదివారమే భార్యనీ ఇద్దరు పిల్లల్నీ ఎక్కించుకుని మారేడుమిల్లి బయల్దేరాడు. ఘాట్ రోడ్డు వరకూ బాగానే ఉంది. తారు దిగి అడవిబాట పట్టాక మొదలైంది సందడి. చక్రం రాయెక్కినప్పుడల్లా వెనక పిల్లలు గాల్లోకి లేస్తున్నారు. ఒళ్లో పెట్టుకున్న పులిహోర గిన్నె మూత ఎప్పుడు ఊడిందో తెలీదు.

“ఏవండీ, మనం బండెక్కామా, రోట్లో కూర్చున్నామా?” అంది ఆవిడ.

“రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు భయపడితే ఎలా?” అని నవ్వాడాయన. తిరుగు ప్రయాణంలో, ఘాట్ మలుపు తిరుగుతుండగా ఓ గతుకు మీద బండి వెనక భాగం జానెడు పక్కకు జరిగింది. ఆ నవ్వు కాస్తా అక్కడితో ఆగిపోయింది.

మర్నాడు విడిభాగాల దుకాణానికి వెళ్తే, అక్కడి కుర్రాడు తడుముకోకుండా చెప్పేశాడు. రెండంగుళాలు ఎత్తు పెంచే కిట్టు, పక్కన చిన్న సీసాలాంటి డబ్బా ఉన్న ఖరీదైన షాకబ్జార్బర్లు, పెద్ద టైర్లు... లెక్క వేస్తే నెల జీతం ఎటూ సరిపోదు. ‘కుదుపంటే ఎత్తు తక్కువవడం వల్లే సార్’ అని ముక్తాయింపు కూడా ఇచ్చాడు.

అక్కడే చాలామంది బోల్తా పడతారు. బండి ఎత్తు వేరు, కుదుపు వేరు. ఎత్తు తక్కువైతే బండి అడుగు రాళ్లకు తగులుతుంది. కుదుపు మాత్రం స్ప్రింగులూ షాకబ్జార్బర్ల మధ్య సఖ్యత చెడితే వస్తుంది. బరువు మోసేది స్ప్రింగు. అది కమాను పట్టీల కట్ట కావచ్చు, చుట్టల స్ప్రింగు కావచ్చు. గతుకు తగలగానే నొక్కుకుని, మళ్లీ ఎగిరిపడటం దాని స్వభావం. ఆ ఎగురుడును పట్టి ఆపేది షాకబ్జార్బరు. లోపలి నూనెను సన్నటి రంధ్రాల గుండా నెట్టి, ఊపును వేడిగా మార్చేస్తుంది. ఇది పనిచేయకపోతే చక్రం నేలను సరిగా అంటిపెట్టుకోదు. నేలను వదిలిన చక్రానికి బ్రేకూ పట్టదు, పట్టూ ఉండదు. ఘాట్ మలుపులో వెనక భాగం జరిగిందంటే కారణం చాలాసార్లు ఇదే. అలాంటి బండిని మరో రెండంగుళాలు పైకి లేపితే ఏమవుతుంది? బరువు పైకి చేరి, మలుపుల్లో ఒరగడం ఇంకాస్త పెరుగుతుంది!

అసలు ఎత్తు పెంచడం వల్ల వస్తుందనుకున్న లాభం కూడా పూర్తిగా రాదు. ఈ పాత థార్ వెనక ఇరుసు ఏకఖండం. దాని మధ్య బొడిపెలా ఉండే డిఫరెన్షియల్ గుండే రాళ్లకు ముందుగా తగిలేది. స్ప్రింగులు ఎంత పెంచినా లేచేది పైనున్న బాడీ మాత్రమే. ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపగలిగేది టైరొక్కటే. అదీ టైరు అడ్డుకొలత అంగుళం పెరిగితే ఇరుసు అరంగుళం లేస్తుంది. టైరు పెద్దదైతే బండి లాగుడు తగ్గుతుంది, మీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపిస్తుంది. ఈ మాట అమ్మేవాళ్లు చెప్పరు.

డబ్బు తక్కువున్నవాళ్లను ఊరించేది ఇంకోటుంది... పైసా ఖర్చు లేని ఎత్తు! 2010లో వచ్చిన థార్ సీఆర్‌డీఈ రకానికి ముందువైపు చుట్టల స్ప్రింగు బదులు టోర్షన్ బార్ ఉంటుంది. మెలి తిరిగి, తిరిగి విప్పుకునే ఉక్కు కడ్డీ అన్నమాట. దాని బోల్టును నాలుగు చుట్లు బిగిస్తే బండి ముక్కు పైకి లేస్తుంది. చూడ్డానికి దర్జాగానే ఉంటుంది. కానీ చక్రం కిందకు దిగడానికి ఉండాల్సిన జాగాను అది మింగేస్తుంది. గుంట వస్తే చక్రం అందులోకి దిగలేక వేలాడుతుంది. ఇరుసు జాయింట్లు, బాల్ జాయింట్లు ఉండకూడని కోణంలో పనిచేసి తొందరగా అరుగుతాయి. అలైన్‌మెంటు తప్పి టైర్లు ఒకవైపే తినేస్తాయి. ఉచితంగా వచ్చిన అంగుళానికి ఏడాది తిరిగేసరికి వడ్డీతో సహా కట్టాల్సిందే. ఎప్పుడో కిందకు జారిపోయిన ముక్కును మళ్లీ కంపెనీ చెప్పిన కొలతకు తేవడం వరకైతే ఆ బోల్టు పనికొస్తుంది. అంతకుమించి తిప్పకపోవడమే మేలు.

వెనక కమాను కట్టల్లో పొడవాటి షాకిళ్లు వేసి లేపేవాళ్లూ ఉన్నారు. షాకిల్ రెండంగుళాలు పెరిగితే బండి లేచేది అంగుళమే. బ్రేకు గొట్టం పొడవు, షాకబ్జార్బరు పొడవు చూసుకోకుండా ఈ పని చేస్తే, చక్రం పూర్తిగా దిగినప్పుడు గొట్టం లాగేసినట్టవుతుంది. కొండల్లో తిరిగే బండికి బ్రేకుతో ఆటలాడటం ఎంత మాత్రం మంచిది కాదు.

చట్టం సంగతీ ఉంది. తయారీదారు ఇచ్చిన నిర్మాణానికి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. అదే ఏడాది చేసిన మోటారు వాహనాల చట్ట సవరణ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకూ జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే బీమా దగ్గర పేచీ రావడానికీ ఈ మార్పులే సాకు. అరిగిన భాగం తీసి అదే కొలతలో కొత్తది వేసుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

మరి చేతిలో ఉన్న కొద్దిపాటి సొమ్ము దేని మీద పెట్టాలి? పాత మేస్త్రిలు బండి కిందకు దూరకుండా ధర చెప్పరు. వాళ్లు ముందు చూసేది రబ్బరు బుష్‌లు. కమాను కట్ట కళ్లలోనూ షాకిళ్లలోనూ ఉండే ఈ చిన్న రబ్బరు ముక్కలు ఎండి పగిలితే ఇనుముకు ఇనుము కొట్టుకుంటుంది. లోపల కూర్చున్నవాళ్లకు ‘టక్ టక్’మని వినిపించేది అదే. మొత్తం సస్పెన్షన్‌లో చవకైన మరమ్మతు ఇది.

తర్వాత షాకబ్జార్బర్లు. ఒంటి మీద నూనె చెమ్మ కనిపిస్తే దాని పని అయిపోయినట్టే. బండి మూలను గట్టిగా నొక్కి వదిలితే, పైకి లేచి ఒకసారి సర్దుకోవాలి. ఉయ్యాలలా ఊగితే అనుమానించాలి. ఇంకో చిట్కా ఉంది. రాళ్లబాటలో పావుగంట నడిపి ఆపి, నాలుగింటినీ చేత్తో తాకి చూడాలి... జాగ్రత్తగా, చెయ్యి కాలకుండా. పనిచేసేవి వేడెక్కుతాయి. ఒక్కటి చల్లగా ఉందంటే అది జీతం తీసుకుని పని ఎగ్గొడుతున్నట్టు లెక్క!

కొత్తవి కొనేటప్పుడు నూనెతోపాటు నైట్రోజన్ గ్యాసు నింపినవి తీసుకుంటే అడవిబాటకు మేలు. మామూలువాటిలో ఎడతెగని గతుకుల మీద నూనె, మజ్జిగ చిలికినట్టు నురగెత్తి పట్టు సడలుతుంది. గ్యాసు ఒత్తిడి ఆ నురగను అణచిపెడుతుంది. డబ్బా తగిలించిన ఖరీదైన రకం మాత్రం ఎడారుల్లో గంటల తరబడి వేగంగా దూసుకెళ్లే బళ్ల కోసం. అక్కడ పుట్టే వేడిని తట్టుకోవడానికే ఆ డబ్బా. గంటకు పది కిలోమీటర్ల వేగంతో రాళ్ల మీద పాకే బండికి దానితో పనేముంది?

స్ప్రింగుల వంతు ఆఖర్న. అదీ బండి ఏం మోస్తుందో తేల్చుకున్నాకే. పట్టీ మందం రెట్టింపైతే దాని బిగువు ఏకంగా ఎనిమిది రెట్లు అవుతుంది. చుట్టల స్ప్రింగులో తీగ మందం పదో వంతు పెరిగినా బిగువు దాదాపు సగం పెరుగుతుంది. 2020 తర్వాతి థార్‌కూ 2023లో వచ్చిన జిమ్నీకీ నాలుగు వైపులా చుట్టల స్ప్రింగులే కాబట్టి వాటి యజమానులకు ఈ లెక్క మరీ ముఖ్యం. ఏజెన్సీ సంతలకు మనుషుల్నీ మూటల్నీ మోసే జీపు వెనక అదనపు పట్టీ ఉంటే అర్థముంది. నలుగురు ఎక్కే ఇంటి బండికి అదే పట్టీ శత్రువు.

పైసా ఖర్చు లేనిది ఒకటి నిజంగానే ఉంది, గాలి. తారు మీద 30 పాయింట్లుండే గాలిని రాళ్లబాటలో 20-22కు దించి నెమ్మదిగా నడిపితే టైరే సగం కుదుపు మింగుతుంది. తారెక్కే ముందు మళ్లీ నింపుకోవాలి, కనుక గాలికొట్టే చిన్న యంత్రం బండిలో ఉండాలి. గాలి తక్కువున్న టైరుతో ఘాట్ రోడ్డు మీద వేగంగా వెళ్తే అది ఇంకో ప్రమాదం.

దుకాణం వాడి చీటీ జేబులో పెట్టుకుని మన ఉద్యోగి చివరికి ఓ ముసలి మేస్త్రి దగ్గరకు చేరాడు. ఆయన గోనెసంచి పరుచుకుని బండి కిందకు దూరి, పది నిమిషాలకు బయటికొచ్చాడు.

“ముందటాయన దీంట్లో సరుకు మోసుంటాడండి. రెండు వైపులా చెరో పట్టీ ఎక్కించేశాడు. షాకబ్జార్బర్లు నాలుగూ పోయినియ్యి.”

అదనపు పట్టీలు ఊడదీశారు. బుష్‌లు మార్చి, మిగతా పట్టీల మధ్య గ్రీజు పెట్టి, అదే కొలతలో గ్యాసు షాకబ్జార్బర్లు నాలుగు వేశారు. బిల్లు దుకాణం వాడి అంచనాలో మూడో వంతు కూడా కాలేదు. బండి ఎత్తు వెనకవైపు అర అంగుళం తగ్గింది. ఆయన మొహంలో ఆ చిన్న వెలితి కనిపిస్తూనే ఉంది.

“ఐదొందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించాలండి, మర్చిపోకండి. ఇయ్యిగో, మీ పట్టీలు పట్టుకెళ్లండి.”

“నేనేం చేసుకోను వీటిని?”

“మంచి ఉక్కండి బాబూ. కమ్మరి కొలిమి దగ్గర ఇస్తే కత్తి చేసిపెడతాడు.”

ఇంటికెళ్లి ఆ మాట చెబితే, అప్పటిదాకా బండి ఊసెత్తితేనే మొహం తిప్పుకుంటున్న ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసింది.

“రెండు చేయించండి. కొబ్బరికాయలు కొట్టడానికి ఒకటి, మా అమ్మకొకటి.”