సగం మాత్రేగా... అనుకోవద్దు!

ఆదివారం రాత్రి. గన్‌ఫౌండ్రీలో ఓ అపార్ట్‌మెంట్. పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దాకా షికారెళ్లొచ్చిన పొమరేనియన్ సాయంత్రం నుంచి కుంటుతోంది. అన్నం ముట్టలేదు. చెవులు పట్టుకుంటే వేడిగా ఉన్నాయి. 'జ్వరమొచ్చినట్టుంది పాపం' అంటుంది బామ్మ. నాన్న ఫ్రిజ్ మీది మందుల డబ్బా దింపుతాడు. 'చిన్న ప్రాణం కదా, సగం మాత్ర వేద్దాం' అంటాడు. కుక్కను పెంచే ఇళ్లకి ఇలాంటి రాత్రులు కొత్తేం కాదు. పొరపాటు జరిగేదీ ఇక్కడే.

అసలు అది జ్వరమేనా? మన ఒంటి వేడి 98.6 డిగ్రీల ఫారెన్‌హీట్ అయితే, ఆరోగ్యంగా ఉన్న కుక్కకు 101 నుంచి 102.5 దాకా ఉంటుంది. అంటే మన చేతికి అది ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది! ముక్కు ఎండిపోవడం కూడా జ్వరానికి గుర్తు కాదు. అనుమానముంటే మలద్వారంలో థర్మామీటర్ పెట్టి చూడాలి. 103 దాటితే డాక్టరుకు చూపించాలి. చెయ్యి ఆనించి చూసి మందు వేయడమంటే లేని జ్వరానికి వైద్యం చేయడమే.

ఇక ఆ సగం మాత్ర సంగతి. ఒళ్లునొప్పులకు మనం వేసుకునే కాంబిఫ్లామ్‌లో 400 మిల్లీగ్రాముల ఐబూప్రొఫెన్, 325 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఉంటాయి. నాలుగు కిలోల కుక్కకు సగం వేసినా కిలోకు 50 మిల్లీగ్రాముల ఐబూప్రొఫెన్ పడుతుంది. అరవై కిలోల మనిషి ఏడున్నర మాత్రలు ఒకేసారి మింగినట్టు! పైగా కుక్క ఒంట్లో ఐబూప్రొఫెన్ త్వరగా బయటికి పోదు. కడుపులో పుండ్లు పడతాయి, మోతాదు ఇంకా పెరిగితే కిడ్నీలు దెబ్బతింటాయి. వాంతులు, తారులా నల్లటి విరేచనం కనిపించాయంటే లోపల రక్తం పోతోందని అర్థం.

పారాసెటమాల్‌ను పశువైద్యులు కొన్నిసార్లు కుక్కలకు రాస్తారు, బరువు తూచి, లెక్క కట్టి. ఎక్కువైతే కాలేయానికే ముప్పు. ఇంట్లో పిల్లి కూడా ఉంటే మాత్రం ఆ ఆలోచనే వద్దు. పిల్లి ప్రాణం తీయడానికి ఒక్క మాత్ర చాలు. దురదలకు వాడే సిట్రజిన్‌ కూడా అంతే, డాక్టరు చెబితే పనికొస్తుంది. కానీ జలుబు మాత్రల్లో దానితోపాటు ఫినైల్‌ఎఫ్రిన్, కెఫీన్ లాంటివి కలిసి ఉంటాయి. అవి గుండెను పరిగెత్తిస్తాయి. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో, కొన్ని సిరప్‌లలో ఉండే జైలిటాల్ మనకు మామూలు తీపే. కుక్కకైతే గంటలోపే రక్తంలో చక్కెర పడిపోయేలా చేస్తుంది. మోకాలికి రాసుకున్న డైక్లోఫెనాక్ జెల్‌ను నాకినా ప్రమాదమే. పశువులకిచ్చిన ఈ డైక్లోఫెనాక్ వల్లే వాటి కళేబరాలు తిన్న రాబందులు లక్షల్లో చచ్చిపోయాయి. 2006లో ప్రభుత్వం పశువైద్యంలో దాన్ని నిషేధించింది.

ఒక జీవికి పనికొచ్చింది ఇంకో జీవికీ పనికొస్తుందనుకోవడం హైదరాబాద్‌కు కొత్త కాదులెండి. గన్‌ఫౌండ్రీకి దగ్గర్లోనే ఉన్న కోఠి రెసిడెన్సీలో సర్జన్‌గా పనిచేసిన ఎడ్వర్డ్ లారీ ఆరో నిజాం ఖర్చుతో 1888, 1889ల్లో క్లోరోఫాం మీద ప్రయోగాలు చేయించారు. బలైంది ఎక్కువగా కుక్కలే. 'ఊపిరి గమనిస్తే చాలు, గుండెకు భయం లేదు' అని తేల్చారు. మనుషుల ఆపరేషన్లకూ అదే సరిపోతుందన్నారు. క్లోరోఫాం గుండెనే నేరుగా ఆపేయగలదని 1911లో లెవీ అనే వైద్యుడు చూపించారు. అప్పుడు కుక్కను చూసి మనిషి లెక్క వేశారు. ఇప్పుడు మనం మనిషిని చూసి కుక్క లెక్క వేస్తున్నాం.

మాత్ర వేసేశారా? ఉప్పునీళ్లు తాగించి కక్కించాలని చూడకండి. ఆ ఉప్పే ఒంటికెక్కి ఫిట్స్ రావచ్చు. మింగి ఒకటి రెండు గంటలే అయితే డాక్టరే వాంతి చేయించగలరు. పగలైతే నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల దగ్గరే. రాత్రివేళ తీసి ఉండే క్లినిక్ నంబరు ముందే రాసి పెట్టుకోండి.

తిడతారేమోనని మాత్ర సంగతి దాచేవాళ్లున్నారు. అన్నింటికన్నా ప్రమాదం అదే. ఐబూప్రొఫెన్ పడిందని తెలియక డాక్టరు ఇంకో నొప్పి ఇంజెక్షనో, స్టెరాయిడో ఇస్తే కడుపులో పుండు రెట్టింపవుతుంది. అందుకే ఖాళీ స్ట్రిప్ పారేయకండి. ఎన్ని వేశారో, ఎన్ని గంటలకు వేశారో, కుక్క బరువెంతో దాని వెనకే రాసి, వెంట పట్టుకెళ్లండి.