పద్దెనిమిదేళ్ళ కుర్రాడి మీద పందెం

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

2025 జూన్ 28వ తేదీ, శనివారం పొద్దున్నే. సెలవులకు తెనాలి దగ్గర మా ఊరు వెళ్ళి ఉన్నాను. కాలవకు నీళ్ళు వదిలారేమో చూసి రమ్మని నాన్న పంపితే గట్టుమీద నిలబడ్డాను. జేబులో ఫోను మోగింది. అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలో ఉంటున్న మా పెదనాన్నగారి అబ్బాయి. కార్ల కంపెనీలో ఇంజనీరు. ఫోనులో బొమ్మ రాగానే చూద్దును గదా, అన్నయ్య ఒక్కడే కాదు, అరడజను మంది తెలుగువాళ్ళు సోఫాలో కొందరు, కింద కొందరు కూర్చుని టీవీకి కళ్ళప్పగించి ఉన్నారు. అక్కడ అప్పుడు శుక్రవారం రాత్రి.

"ఒరేయ్, మనవాడు వచ్చేశాడురా!" అన్నాడు అన్నయ్య.

ఎవరికో కొడుకు పుట్టాడనుకున్నాను. తీరా ఆ మనవాడు కార్టర్ బేర్ అనే కెనడా కుర్రాడు. పద్దెనిమిదేళ్ళవాడు. డెట్రాయిట్ రెడ్ వింగ్స్ అనే ఐస్ హాకీ జట్టు ఆ రాత్రి అతణ్ణి 13వ స్థానంలో ఎంచుకుంది. పేరు చదివి పది నిముషాలు కాలేదు, అన్నయ్య ఇంట్లో పంచాయితీ మొదలైపోయింది. "పదమూడులో దొరకడం మన అదృష్టం గురూ, జూనియర్ లీగులో 40 గోల్స్ కొట్టాడు" అని ఒకాయన. "మార్చిలో మడమ వెనక నరం తెగి ఆట ఆపేసినవాణ్ణి ఎవడన్నా కోరి తెచ్చుకుంటాడా బావా?" అని ఇంకొకాయన. మూడో ఆయన ఏకంగా ఆ పిల్లవాడు 2030లో ఎక్కడ ఉంటాడో, ఎంత జీతం తీసుకుంటాడో కూడా చెప్పేశాడు. మా కాలవకు నీళ్ళు రేపొస్తాయా ఎల్లుండొస్తాయా అన్నది ఎవరూ చెప్పలేకపోతున్నారు గాని, పదివేల మైళ్ళ అవతల ఒక కుర్రాడి అయిదేళ్ళ జాతకం మాత్రం నాకు గట్టుమీదే అందిపోయింది.

మనకు హాకీ అంటే ధ్యాన్‌చంద్ ఆడిన పచ్చికమీది హాకీయే. ఇది వేరు. మంచు గడ్డ మీద, కాళ్ళకు కత్తుల్లాంటి స్కేట్లు కట్టుకుని, బంతికి బదులు పక్ అనే రబ్బరు బిళ్ళతో ఆడతారు. గోలీ గాక జట్టుకు అయిదుగురు. ఉత్తర అమెరికాలో నేషనల్ హాకీ లీగ్ అని 32 జట్లున్నాయి. ఏటా జూన్ ప్రాంతంలో పద్దెనిమిదేళ్ళు నిండుతున్న కుర్రాళ్ళను వరుసపెట్టి పంచుకుంటారు. దాన్నే డ్రాఫ్టు అంటారు. కిందటి సీజనులో అడుగున ఉన్న జట్లకు ముందు అవకాశం. మొదటి స్థానం కోసం లాటరీ కూడా తీస్తారు. ఏడు రౌండ్లు, మొత్తం 224 పేర్లు. పేరు చదివితే ఆ పిల్లవాడు ఆ జట్టు మనిషి. నాకు ఫలానా ఊరు కావాలి అనడానికి వాడికి హక్కు లేదు. మన ఐ.పి.ఎల్. వేలంలోనైతే కనీసం డబ్బైనా పెరుగుతుంది!

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది డ్రాఫ్టు గురించి కాదు, అభిమానుల గురించి. అన్నయ్య పుణ్యమా అని రెండేళ్ళుగా నేనూ అర్ధాభిమానినే కనుక నన్నూ కలుపుకునే చెబుతున్నాను.

డెట్రాయిట్ వాళ్ళకు పక్కపక్క సంవత్సరాల్లో రెండు అనుభవాలు ఎదురయ్యాయి. 2018లో డల్లాస్‌లో డ్రాఫ్టు జరిగింది. ఫిలిప్ జాడినా అనే చెక్ దేశపు కుర్రాడు మూడో స్థానంలోనో నాలుగో స్థానంలోనో పోతాడని అందరూ అనుకున్నారు. జూనియర్ లీగులో 57 ఆటల్లో 44 గోల్స్ చేసినవాడు మరి. మాంట్రియల్ వదిలేసింది, ఒట్టావా వదిలేసింది, అరిజోనా వదిలేసింది. ఆరో స్థానంలో ఉన్న డెట్రాయిట్ ఒళ్ళో పడ్డాడు. నన్ను వదిలేసిన జట్ల గోలు వలలు పక్కులతో నింపేస్తానని కుర్రాడు పత్రికల వాళ్ళతో అన్నాడు. అభిమానులకు ఇక పండగే. అన్నయ్య ఆ వారమే అతని పేరున్న చొక్కా కొన్నాడట. వదిన ఇప్పటికీ ఆ చొక్కాతో వంటగది తుడుస్తోంది.

మరుసటి ఏడు, 2019, వాంకూవర్. డెట్రాయిట్‌ది మళ్ళీ ఆరో స్థానమే. ఆ ఏప్రిల్‌లోనే జట్టు బాధ్యత చేపట్టిన స్టీవ్ ఐజర్మన్ మోరిట్జ్ సైడర్ అనే జర్మనీ కుర్రాడి పేరు చదివాడు. హాలంతా నివ్వెరపోయింది. ఆ మాటకొస్తే కెమెరా సైడర్ మీదికి తిరిగేసరికి అతనే నోరు తెరుచుకుని చూస్తున్నాడు! మొదటి రౌండు మధ్యలో ఎక్కడో పోతాడనుకున్న వాడు. జర్మనీలో హాకీ ఏమిటి, ఈ కుర్రాడెవడు, అమెరికా జూనియర్లలో అంత గొప్ప గోలు వీరులు మిగిలి ఉండగా డిఫెన్స్‌వాణ్ణి తీసుకోవడమేమిటి అని ఆ రాత్రి డెట్రాయిట్‌లో తిట్టని నోరు లేదట. అన్నయ్య కూడా తిట్టాడు. దాచుకోడు, ఒప్పుకుంటాడు.

తరువాత ఏమైందో చూడండి. సైడర్‌ను పెద్ద జట్టులోకి తోసేయలేదు. ఒక ఏడు కింది లీగులో గ్రాండ్ రాపిడ్స్‌లో ఆడించారు. ఇంకో ఏడు స్వీడన్‌లో ఆడాడు. 2021 శరత్కాలంలో డెట్రాయిట్ మంచు మీదికి దిగి ఆ సీజన్‌లో 82 ఆటలకు 82 ఆటలూ ఆడాడు, 50 పాయింట్లు సంపాదించాడు. 2022లో ఆ యేటి ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ గెలిచాడు. 2023లో ఏడేళ్ళ ఒప్పందం రాసుకున్నాడు. జాడినా సంగతి? డెట్రాయిట్‌లో ఉన్నన్నాళ్ళూ ఏ సీజన్లోనూ పదికి మించి గోల్స్ రాలేదు. నడుమ దెబ్బలు తగిలాయి. ఇంకా రెండేళ్ళ ఒప్పందం మిగిలి ఉండగానే 2023 జూలైలో దాన్ని రద్దు చేసుకుని, రావలసిన డబ్బు వదులుకుని వెళ్ళిపోయాడు. ఒక సీజను శాన్ హోజేలో ఆడి ఆ తరువాత స్విట్జర్లాండు చేరుకున్నాడు. అప్పటికి వాడికి పాతికేళ్ళు కూడా నిండలేదు. ఆ 2018లోనే జాడినా తరువాత ఏడో స్థానంలో వాంకూవర్ తీసుకున్న క్విన్ హ్యూస్ 2024లో లీగు మొత్తానికి ఉత్తమ డిఫెన్స్ ఆటగాడయ్యాడు. డ్రాఫ్టు నాటికి అతను డెట్రాయిట్‌కు గంట దూరం లోపున్న మిచిగన్ విశ్వవిద్యాలయం జట్టులోనే ఆడుతున్నాడు!

డెట్రాయిట్ అభిమానులకు ఇదేం కొత్త పాఠం కాదు. ఆ జట్టు వైభవమంతా ఎవరూ గుర్తించని పేర్లమీద కట్టిందే. 1989 డ్రాఫ్టులో నిక్లస్ లిడ్‌స్ట్రోమ్ 53వ వాడు, సెర్గీ ఫెదరోవ్ 74వ వాడు. 1998లో పావెల్ దత్స్యూక్ 171వ వాడు. 1999లో హెన్రిక్ జెటర్‌బర్గ్ 210వ వాడు. ఆ చివరి పేర్లు చదివే వేళకు హాల్లో ఎవరుంటారు చెప్పండి? 2008లో స్టాన్లీ కప్పు గెలిచినప్పుడు కెప్టెన్ ఆ లిడ్‌స్ట్రోమే, ప్లేఆఫుల ఉత్తమ ఆటగాడు ఆ జెటర్‌బర్గే. ఇన్ని చూసినవాళ్ళు పద్దెనిమిదేళ్ళ పిల్లవాడి విషయంలో కాస్త ఆగాలి గదా. ఆగరు. ఎందుకని?

ఈ ప్రశ్న అన్నయ్యనే అడిగాను. ఆయన సమాధానం తీసిపారేసేది కాదు. "ర్యాంకులు ఉత్తవే అనకురా. 2005లో మొదటి పేరు క్రాస్బీ, 2015లో మొదటి పేరు మెక్‌డేవిడ్. వాళ్ళు అన్నంతవాళ్ళయ్యారు. చెట్టుపేరు చెప్పి కాయలమ్ముకునే వాళ్ళెవరో మాకూ తెలుసు. పైగా టిక్కెట్టు కొని చలిలో కారు నడుపుకుంటూ పోయి చూసేది మేం. నాలుగు మాటలు అనుకునే హక్కు లేదా?" అన్నాడు.

నిజమే. సైన్సు విద్యార్థిగా నేను కాదనలేను. వెయ్యిమంది కుర్రాళ్ళను కలిపి లెక్క వేస్తే పై స్థానాల వాళ్ళు ఎక్కువ ఆడతారు, కింది వాళ్ళు తక్కువ ఆడతారు. సగటు అబద్ధమాడదు. కాని సగటు ఒక్క మనిషి గురించి చెప్పదు. మా స్టాటిస్టిక్స్ మాష్టారు బోర్డుమీద ఒక గీత గీసి, ఆ గీతకు పైనా కిందా చెదిరిన చుక్కల్ని చూపించి "ఈ గీత మీద ఒక్క చుక్కైనా ఉందా?" అని అడిగారొకసారి. లేదు.

అయినా అసలు జబ్బు లెక్కలో ఉందని నేననుకోను. ఆకలిలో ఉంది. డెట్రాయిట్ 1991 నుంచి 2016 దాకా వరసగా 25 సీజన్లు ప్లేఆఫులకు వెళ్ళిన జట్టు. గెలిచిన రోజుల్లో అభిమానులు మంచు మీదికి ఆక్టోపస్‌లు విసిరేవారట. 1952 నాటి ఆచారం అది, అప్పట్లో కప్పుకు ఎనిమిది విజయాలు కావాలి, దానికి ఎనిమిది కాళ్ళున్నాయి. సరే, అది వాళ్ళ పిచ్చి. అలాంటి జట్టు 2017 నుంచి 2025 వరకు ఒక్కసారి కూడా ప్లేఆఫుల గడప తొక్కలేదు. గెలుస్తున్నప్పుడు 210వ వాణ్ణి ఎవరూ పట్టించుకోలేదు, వాడు నెమ్మదిగా పెరిగాడు. ఓడుతున్నప్పుడు ప్రతి జూన్‌లోనూ కొత్తగా వచ్చిన కుర్రాడే దేవుడు. ఓటమి ఎవరిదో, ఎప్పటిదో. దాన్ని తీర్చవలసింది మాత్రం నిన్నగాక మొన్న మీసం వచ్చినవాడు. వాడు తీర్చలేకపోతే ఆ తొమ్మిదేళ్ళ కసీ వాడి మీదికే. జాడినాకు జరిగిందదే.

ఇది నాకు ఇంత బాగా ఎలా తెలుసంటే, మా ఇంట్లో జరిగింది గనుక. 2023లో మినుముకు పల్లాకు తెగులు వచ్చి కౌలు డబ్బులు కూడా రాలేదు. అంతకు ముందు ఏటి అప్పు అలాగే ఉంది. అప్పుడే నా ఎంసెట్. ఇప్పుడు దాని పేరు మార్చారు గాని మా ఇంట్లో ఎంసెట్టే. పరీక్షకు కూర్చున్నది నేనొక్కణ్ణే అయినా, రావలసిన ర్యాంకులో కౌలుంది, అప్పుంది, అక్క పెళ్ళుంది. ర్యాంకు అయిదంకెల్లో, అదీ పెద్ద అయిదంకెల్లో వచ్చింది. ఆ సాయంత్రం మా అరుగుమీద నలుగురు చేరారు. పదో తరగతిలో నాకు మార్కులొచ్చినప్పుడు "వీడే మీ ఇంటిని నిలబెడతాడు" అన్న మామయ్యే "బూడిదలో పోశావు బావా డబ్బంతా" అన్నాడు నాన్నతో. నేను గుమ్మం లోపల నిలబడి వింటున్నాను. తెగులు నేను తెచ్చానా? నాన్న ఏమీ అనలేదు. గొడ్లకు గడ్డి వెయ్యాలని లేచిపోయాడు. ఆయన నన్ను బి.ఎస్సీ.లో చేర్చిన రోజున కూడా ఏమీ అనలేదు, ఫీజు కట్టి బస్సెక్కాడు.

కనుక అన్నయ్యతో నా తగవు ఇంతే. కుర్రాళ్ళ గురించి మాట్లాడుకోవద్దని కాదు. మాట్లాడుకోకపోతే ఆటకు అభిమానమెందుకు? మా హాస్టల్లో కూడా ఐ.పి.ఎల్. వేలం రాత్రి ఎవరూ నిద్రపోరు. కాని మీ జట్టు ఓటమికీ ఆ పిల్లవాడికీ ఏం సంబంధమో మొదట చెప్పి, ఆ తరువాత పొగడండి, ఆ తరువాత తిట్టండి. దత్స్యూక్‌కూ సైడర్‌కూ దొరికినంత వ్యవధి జాడినాలకు కూడా దొరకాలి. అలా దొరికినా జాడినా గొప్పవాడయ్యేవాడని నేననడం లేదు. కాకపోయి ఉండవచ్చు. అయితే మాత్రం, ఇరవైమూడేళ్ళకే డబ్బు వదులుకుని పారిపోవలసినంత తప్పేం చేశాడు?

ఆ రోజు గట్టుమీద నుంచే అన్నయ్యకు ఒక సలహా ఇచ్చాను. ఈ కార్టర్ బేర్ గురించి మీరు ముగ్గురూ అన్న మాటలు తలొక కాగితం మీద రాసి, తారీఖు వేసి, సంతకాలు పెట్టి వదిన చేతికివ్వండి. 2030 జూన్ దాకా ఆవిడ బీరువాలో ఉండనీండి. ఈలోపల ఆ పిల్లవాడు ఒక ఆటలో గోలు కొట్టినా, మరో ఆటలో కింద పడినా ఎవరూ ఆ కాగితం అడగకూడదు.

అన్నయ్య పెద్దగా నవ్వాడు. కాని రాశాడు. కాలి నరం సంగతి తీసినాయనా రాశాడు. పిల్లవాడి జీతం దాకా లెక్క చెప్పిన మూడో ఆయన మాత్రం కాగితం వద్దన్నాడట.