ఎవుసం మనది, లెక్క ఎవరిది?



డిగ్రీ అయిపోయిన తమ్ముడొకడు మొన్న నన్ను అడిగిండు: "అన్నా, దుబాయ్ పోవాల్నా, ఇంటికాడ ఎవుసం చేసుకోవాల్నా?" కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు ఏ ఊరికి పోయినా మన పోరగాళ్ల నోట ఇదే ప్రశ్న. నేను తిరిగి ఒక్కటే అడిగిన: "పోయినేడు మీ ఇంట్ల పసుపు మీద ఎంత పెట్టిండ్రు, ఎంత మిగిలింది?" తమ్ముడు జవాబు చెప్పలేదు. మూడేండ్ల కింద అడిగితే నేను కూడా చెప్పకపోదును.

ఆ ఏడే మా ఇంటి పసుపు లెక్క మొదటిసారి నోట్‌బుక్‌లో రాసిన. నాన్న నోటి లెక్కల ఎరువులు, కూలీలు, బాయిలర్ కిరాయి, బండి కిరాయి ఉన్నయి. రెండు పద్దులు లేవు. ఒకటి విత్తనం. ఎకరానికి 8 నుంచి 10 క్వింటాళ్ల కొమ్ము పడుతది, కానీ ఇంట్ల దాచిందే గదా అని దానికి ధర కట్టలేదు. రెండోది అమ్మ కూలి. జూన్‌ల నాటిన కాడి నుంచి తవ్వి, ఉడకబెట్టి, ఆరబోసే దాకా ఎనిమిది తొమ్మిది నెలలు అమ్మ ఆ మడిలనే ఉంది. ఈ రెండూ కలిపి చూస్తే, మేము లాభం అనుకున్నది అమ్మ కూలికే సరిపోలేదు.

ఇంకో సంగతి కూడా ఆ నోట్‌బుక్‌లనే బయటపడ్డది. మాకు పెట్టుబడికి అప్పు ఇచ్చినాయనే మా పసుపు అమ్మిపెట్టేటాయన. చీటీ మీద 'తరుగు' అని కోసిండు. ఎందుకు, ఎంత అని నాన్న అడగలేదు. అడిగితే వచ్చే ఏడు అప్పు పుట్టదు. అప్పు ఇచ్చినోడు, కాంటా పెట్టినోడు, ధర చెప్పినోడు ఒక్కడే అయితే మనం రైతులం కాదు, మన భూమి మీదనే కూలోళ్లం.

అందుకే అంటున్న, ఎవుసాన్ని వ్యాపారంగా మొదలుపెట్టుడంటే ట్రాక్టర్ కొనుడు కాదు, నోట్‌బుక్ కొనుడు.

ఒక్క పంట, ఒక్క కొనుగోలుదారు మీద ఆధారపడితే ఏమైతదో మన ప్రాంతానికి చెప్పాల్సిన పని లేదు. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌ల మూతపడ్డది. ఆ ఫ్యాక్టరీని నమ్ముకొని చెరకు పెట్టిన ఊర్లు ఒక్కసారి దిక్కు లేకుండ అయినయి. పసుపుకు ఇప్పటికీ మద్దతు ధర లేదు. 2019 ఎన్నికల్లో నిజామాబాద్ పార్లమెంటు స్థానంలో 178 మంది రైతులు నామినేషన్ వేసి నిలబడ్డరు. మన కోరుట్ల, జగిత్యాల ఆ స్థానంలోనే ఉన్నయి. చివరికి 2025 జనవరిల పసుపు బోర్డు మొదలైంది. మంచిదే. కానీ బోర్డు వచ్చి మన ఇంటి లెక్క రాయదు.

మనకు ఇంకో ఇబ్బంది ఉంది. మనం మైదాన ప్రాంత ఆదివాసీలం. జగిత్యాల, సిరిసిల్ల జిల్లాలు షెడ్యూల్డ్ ఏరియా కాదు, 1/70 చట్టం మన భూమికి కాపలా లేదు. మనకున్న కాపలా వేరే. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టాను అమ్మొద్దు, బదలాయించొద్దు. అది వారసులకే పోతది, పెండ్లయినోళ్లకు భార్యాభర్తలిద్దరి పేరు మీద రావాలె. 1977 చట్టం అసైన్డ్ భూమి అమ్మకాన్ని అడ్డుకుంటది. "అమ్ముకోలేని భూమితో వ్యాపారం ఏం చేస్తవ్?" అని కొందరు నవ్వుతరు. వ్యాపారం చేయాల్సింది పంటతోటి, భూమితోటి కాదు. ఒక్క ఏడు నష్టం వచ్చినా భూమి మన చేతిలనే ఉండాలె.

మరి ఎక్కడ మొదలుపెట్టాలె? నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్తా.

మొదటిది, అప్పును అమ్మకం నుంచి విడదీయండి. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల దాకా పంట రుణానికి తాకట్టు అడగొద్దని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. కిసాన్ క్రెడిట్ కార్డు కింద 3 లక్షల దాకా వడ్డీ 7 శాతం, టైముకు కడితే 4 శాతం పడుతది. మేనేజర్ తిప్పి పంపితే దరఖాస్తు రాసిచ్చి రసీదు తీసుకోండి. ఒంటిగా కాదు, నలుగురు కలిసి పోండి.

రెండోది, ఉన్నదంతా ఒక్క పంట మీద పెట్టకండి. పసుపుల మక్క అంతరపంట మన పెద్దలకు ఎరుకున్నదే. కొత్త రకం పెట్టాలనుకుంటే ముందు పది గుంటల్లో పెట్టి చూడండి. పొలాస పరిశోధన స్థానం, కమ్మర్‌పల్లి పసుపు పరిశోధన కేంద్రం బస్సు దూరంలనే ఉన్నయి. 'ప్రగతి' లాంటి రకం ఆరు నెలలకే చేతికొస్తది. పోయి అడగండి, అది మన హక్కు.

మూడోది, సరుకు గురించి తెలుసుకోండి. ఐదు కిలోల పచ్చి పసుపు ఎండితే సుమారు ఒక్క కిలో అయితది. సరిగ్గ ఆరక ముందే పైసల తొందరల అమ్మితే ధర పడిపోతది. ఆ తొందర అప్పుతోనే వస్తది, అందుకే మొదటి మాట మొదట చెప్పిన.

నాలుగోది, ఒక్కరుగా అమ్మకండి. ఉత్పత్తిదారుల కంపెనీకి చట్టం ప్రకారం పది మంది రైతులు చాలు. 2020 కేంద్ర పథకం సాయం కావాలంటే మైదానంలో 300 మంది కావాలె. అది తర్వాత చూసుకుందాం. ముందు పది ఇండ్లు కలిసి ఒక్క బండి మాట్లాడుకొని మార్కెట్‌కు పోదాం. పాత కరీంనగర్ జిల్లా ముల్కనూర్‌ల 1956ల అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి ముందుండి పెట్టిన సహకార సంఘం అప్పు, ఎరువు, అమ్మకం అన్నీ ఒక్క కప్పు కింద చేసి చూపించింది. మనతోని కాదా? ఐకేపీ కేంద్రాల్లో వడ్లు తూచేది, తేమ చూసేది మన అమ్మలు, అక్కలే గదా.

"వ్యాపారం మన ఆదివాసీల పద్ధతి కాదు" అని మన పెద్దలు అంటరు. వాళ్ల భయం నాకు అర్థమైతది, వ్యాపారం పేరు మీద వాళ్లు చూసింది మోసమే. కానీ మనం వద్దన్నా మన పంట బజారుకు పోతనే ఉంది. దానెంట లెక్క తెలిసిన మన మనిషి పోవాల్నా వద్దా, అంతే ప్రశ్న.

దుబాయ్ పోయేటోళ్లను నేను తప్పుపట్టను. పోయే ముందు మాత్రం ఒక్క పని చేయండి. ఈ రాత్రి అమ్మానాన్నల పక్కన కూర్చొని పోయిన పంట లెక్క రాయండి. అమ్మ కూలితోనే మొదలుపెట్టండి.

జై ఆదివాసీ!