ఇడ్లీ మీద నేరం మోపిన ఊరు

గోవాకి విదేశీయులు రావడం ఎందుకు తగ్గిందయ్యా అంటే, ఇడ్లీ సాంబారు వల్ల అని కలంగుట్ ఎమ్మెల్యే మైకేల్ లోబో 2025 ఫిబ్రవరిలో సెలవిచ్చారు. బీచ్ షాకుల్లో, అంటే ఇసకమీద వేసే తిండి పందిళ్లలో, బెంగళూరు నుంచి వచ్చినవాళ్లు వడాపావ్ అమ్ముతున్నారట, ఇంకొందరు ఇడ్లీ సాంబారు పెడుతున్నారట. దేశమంతా నవ్వింది. దక్షిణాదివాళ్లకి కాస్త పౌరుషం కూడా వచ్చింది. నాలుగు రోజుల పాటు సోషల్ మీడియాలో ఇడ్లీలు ఆవిర్లు కక్కాయి.

ఆ నవ్వుల్లో ఆయన అన్న రెండో ముక్క ఎవరికీ వినపడలేదు. రష్యా, ఉక్రెయిన్ యుద్ధం సంగతి ఎలాగూ చెప్పారు. దాంతోపాటు, షాకుల్ని బయటి వ్యాపారులకి అద్దెకిచ్చుకున్నది మా గోవావాళ్లే, ఈ తప్పులో మాకూ వాటా ఉంది అని కూడా అన్నారు. కలంగుట్, దాని పక్కనే ఉన్న బాగా ఊళ్ల తీరం గతి ఏమవుతుందని ఇన్నేళ్లుగా జరుగుతున్న రచ్చలో నాకు కనిపించిన అసలు మాట అదే. ఇడ్లీ పాపం ఏమీ లేదు.

ముందు లెక్క చూద్దాం. 2019లో గోవాకి వచ్చిన విదేశీయులు 9 లక్షల 37 వేలు. 2024లో 4 లక్షల 67 వేలు. సగానికి సగం పోయారు. అదే కాలంలో మనదేశం వాళ్లు 71 లక్షల నుంచి 99 లక్షలకి పెరిగి, మొత్తం కోటి దాటింది. 2011 జనగణన ప్రకారం ఆ రాష్ట్రం జనాభా పద్నాలుగున్నర లక్షలు. ఇంటివాడు ఒక్కడుంటే ఏడాదిలో చుట్టాలు ఏడుగురు వచ్చిపోతున్నారన్నమాట. కోటిమంది వచ్చారని ప్రభుత్వం పండగ చేసుకుంటుంటే, మేడమీద రెండు గదులు అద్దెకిచ్చుకునే బాగా ఊరి ఇల్లాలు సీజన్ పోయిందని తల పట్టుకుంటుంది. ఇద్దరిదీ నిజమే.

ఛార్టర్ విమానంలో దిగిన ఇంగ్లీషువాడో రష్యావాడో ఒకసారి వస్తే రెండు వారాలుండేవాడు. పొద్దున్నే అదే షాక్, అదే సన్‌బెడ్, సాయంత్రం అదే బల్ల. పోతూ పోతూ వచ్చే ఏటికి అదే గది చెప్పిపోయేవాడు. 2019 సెప్టెంబరులో బ్రిటన్ థామస్ కుక్ దివాలా తీసింది, వెనకే కరోనా వచ్చింది, ఆ వెనక యుద్ధం. వీటిలో ఏదీ గోవా చేతిలోది కాదు. ఆ ఖాళీలోకి మనం వచ్చాం. హైదరాబాద్‌లో శుక్రవారం రాత్రి స్లీపర్ బస్సెక్కిన కుర్రాడు సోమవారం మళ్లీ లాగిన్ అవ్వాలి. అతనికి ఉన్నవి రెండే రాత్రులు. రెండు వారాలుండేవాడికి ఊరు కావాలి, రెండు రాత్రులుండేవాడికి మోత చాలు. అదే సరుకు ఎక్కువగా తయారవుతోంది.

ఈ తీరం పుట్టుకతోనే రాత్రి ఊరు కాదు. చేపలు పట్టేవాళ్లు, కల్లుగీతవాళ్లు ఉండేవారు. మే నెలలో గోవా కుటుంబాలే సముద్రస్నానాలకి కలంగుట్ వచ్చి మకాం పెట్టేవి. 1961లో పోర్చుగీసువాళ్లు పోయాక, ఆ దశాబ్దం చివర్లో హిప్పీలు దిగారు. పక్కన అంజునాలో వాళ్ల బుధవారం సంత వెలిసింది. 1971లో టిటో హెన్రీ డిసౌజా బాగాలో చిన్న తిండి దుకాణం తెరిచారు. కొడుకుల హయాంలో అది నైట్‌క్లబ్ అయింది, చివరికి ఆ వీధికే టిటోస్ లేన్ అని పేరు పడింది. అర్ధశతాబ్దం నడిచిన ఆ వ్యాపారాన్ని అధికారుల వేధింపులు పడలేక అమ్మేశామని 2021లో వాళ్ల కుటుంబమే ప్రకటించింది. 2007లో కండోలిమ్ ఇసకమీద మొదలైన సన్‌బర్న్ సంగీతోత్సవం మధ్యలో పుణె వెళ్లి, తిరిగొచ్చి, 2025 డిసెంబరుకి ముంబై చేరింది. ఈ తీరం పేరు చెప్పుకుని బతికినవాళ్లే ఒక్కొక్కరుగా మూట సర్దుకుంటున్నారు.

ఇప్పుడా టిటోస్ లేన్‌లోకి రాత్రి పది దాటాక వెళ్లండి. గుమ్మానికొకడు లామినేషన్ చేసిన కార్డు పట్టుకుని మీ పక్కనే నడుస్తూ వస్తాడు. జంటకి ఒక రేటు, ఒంటరి మగాళ్ల గుంపుకి ఇంకో రేటు, తాగినంత మందు అందులోనే. మీ మొహం చూసి భాష పోల్చుకుంటాడు. ‘అన్నా, రండన్నా, మన హైదరాబాద్ వాళ్లే ఉన్నారు లోపల’ అని చక్కని తెలుగులో పిలుస్తాడు. చెప్పిన రేటుకీ లోపల వేసే బిల్లుకీ పొంతన ఉండదు. గట్టిగా అడిగితే కార్డు పట్టుకున్నవాడు మా మనిషే కాదంటారు. కాదేమో కూడా. ఆ వీధిలో ఎవరు ఎవరి మనిషో ఎవరికీ తెలియదు.

షాక్ సంగతీ ఇంతే. వెదుర్లు, కర్రబాదులు, కొబ్బరాకులతో వేసే పందిరి అది. వానలు తగ్గాక వేయాలి, మే ఆఖరుకి విప్పెయ్యాలి. ఇసకమీద శాశ్వతంగా ఏదీ కట్టకూడదు కాబట్టి ఈ ఏర్పాటు. ప్రభుత్వం లాటరీ తీసి స్థానికులకే లైసెన్సులిస్తుంది. మత్స్యకారుడి కొడుకో, ఊళ్లో నిరుద్యోగో సీజన్‌లో నాలుగు డబ్బులు చూస్తాడని దీని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కానీ లాటరీ తగిలినవాడికి సీజనంతా గరిటె తిప్పడం కన్నా ఆ కాగితాన్ని ఒకేసారి ఇంకొకరికి అప్పజెప్పి ఇంట్లో కూర్చోవడం సుఖం. నిబంధనల్లో అది నిషిద్ధం, ఇసకమీద అదే ఆనవాయితీ. మొత్తం సొమ్ము ముందే ముట్టజెప్పినవాడు అంతకంత రాబట్టుకోవాలిగా. పదిమంది చెయ్యాల్సిన పని ఆరుగురి చేత చేయిస్తాడు. ఆ ఆరుగురూ నేపాల్ నుంచో, ఝార్ఖండ్ నుంచో, అస్సాం నుంచో వచ్చినవాళ్లు. పొద్దున సన్‌బెడ్లు పరిచేదీ, రాత్రి ఒంటిగంటకి తాగినవాళ్లతో వాదన పడేదీ, తెల్లారుజామున అవే సన్‌బెడ్లమీద నడుం వాల్చేదీ వాళ్లే. లైసెన్సు మనిషి అక్కడ కనబడడు.

బాధ్యత ఇంకొకరిమీదకి నెట్టేసే ఈ వైఖరి ఇవాళ్టిది కాదు. 2000 జూన్‌లో రివర్ ప్రిన్సెస్ అనే ఖనిజాల ఓడ కొట్టుకొచ్చి కండోలిమ్ తీరాన ఇరుక్కుపోయింది. యజమాని ప్రభుత్వం వైపు చూశాడు, ప్రభుత్వం కాంట్రాక్టర్ వైపు చూసింది, కాంట్రాక్టర్ సముద్రం వైపు చూశాడు. దాన్ని కోసి తియ్యడానికి పుష్కరకాలం పట్టింది. ఈలోగా ఆ తుప్పు ముందు నిలబడి ఫొటోలు దిగినవాళ్లలో మన పాఠకులు కూడా ఉండే ఉంటారు.

ఓడ దగ్గర నవ్వుకోవచ్చు, అన్నిచోట్లా కాదు. 2024 డిసెంబరు చివర్లో, కొత్త సంవత్సరానికని స్నేహితులతో కలంగుట్ వెళ్లిన తాడేపల్లిగూడెం కుర్రాడొకడు ఒక షాక్ దగ్గర అర్ధరాత్రి దాటాక జరిగిన గొడవలో దెబ్బలు తిని చనిపోయాడు. తిండి ఆర్డర్ దగ్గర మొదలైన మాటామాటా. అరెస్టులు జరిగాయి, కేసు నడుస్తుంది, దాని మంచిచెడ్డలు కోర్టు చూస్తుంది. నేనడిగేది వేరే. ఆ వేళప్పుడు వంటగది తెరిచి ఉండాలో కట్టెయ్యాలో చెప్పి, గొడవ ముదిరితే వచ్చి విడదీయాల్సిన బాధ్యత ఆ తీరంమీద ఎవరిది?

ఏడాది తిరక్కుండానే ఇంకొకటి. 2025 డిసెంబరు 6 రాత్రి, బాగాకి ఆనుకునే ఉన్న అర్పోరాలో ఒక నైట్‌క్లబ్ కాలిపోయి 25 మంది చచ్చిపోయారు. వాళ్లలో ఆడటానికి వచ్చినవాళ్లకన్నా పనివాళ్లే చాలా ఎక్కువ. వంటగది నేలమాళిగలో ఉంది, ఇరుకు దారిలో పొగ కమ్మేసింది. ఢిల్లీలో ఉండే యజమానులు కొద్ది గంటల్లోనే ఫుకెట్ విమానం ఎక్కారు, తర్వాత వాళ్లని థాయిలాండ్ నుంచి పట్టి తేవాల్సి వచ్చింది. ఆ కట్టడాన్ని కూల్చమని అంతకుముందే పంచాయతీ నోటీసిచ్చింది, పైన పంచాయతీల డైరెక్టరేట్ స్టే ఇచ్చింది. అక్కడ వ్యాపారం చేసుకోమని లైసెన్సు ఇచ్చింది మళ్లీ ఆ పంచాయతీయే. ఇన్ని కాగితాలు పుట్టాయి గానీ ఒక్కడూ వెళ్లి ఆ నేలమాళిగకి మెట్లెన్ని ఉన్నాయో చూడలేదు.

పంచాయతీ అంటే గుర్తొచ్చింది. దేశమంతా పేరు మోసిన కలంగుట్ కాగితాల మీద ఇప్పటికీ ఒక గ్రామం. దానికి మునిసిపాలిటీ లేదు. 2011లో 13 వేల పైచిలుకు జనం, ఒక సర్పంచ్, ఆదివారం గ్రామసభ. ఇంతమంది పర్యాటకులు వదిలిపోయే చెత్త, మురుగు, ట్రాఫిక్, రాత్రంతా స్పీకర్లు, అన్నీ ఆ గ్రామసభ నెత్తిన. రాత్రి పది తర్వాత ఆరుబయట స్పీకర్లు ఆపాలని చట్టం ఉంది, అది అమలు చేయించడానికి జనం హైకోర్టు మెట్లెక్కాల్సి వస్తోంది. మునిసిపాలిటీ చెయ్యమంటే ఊళ్లోవాళ్లే ఒప్పుకోరు, పన్నులు పెరుగుతాయని, పొలాల్లో కట్టడాలకి తలుపులు తెరుచుకుంటాయని వాళ్ల భయం. ఆ భయం అర్థం లేనిదేం కాదు. కాకపోతే ఆ కట్టడాలు ఎలాగూ లేచాయి, అడిగే అధికారమే చేతికి రాలేదు.

ఇందులో మన తెలుగువాళ్ల చెయ్యి లేదనుకుంటే పొరపాటు. ఉత్తర గోవాలోని మోపాలో కొత్త విమానాశ్రయం కట్టింది మన జీఎంఆర్ సంస్థ. 2023 జనవరి 5న అక్కడ దిగిన మొట్టమొదటి ప్రయాణికుల విమానం హైదరాబాద్ నుంచి వెళ్లిందే. 2024 అక్టోబరులో సికింద్రాబాద్ నుంచి వాస్కోకి వారానికి రెండుసార్లు నడిచే రైలు వేశారు. తాగి ఉన్న నలుగురు స్నేహితులు ఉన్నపళంగా గోవాకి బయల్దేరడం మన సినిమాలకి కథావస్తువే. అక్కడికెళ్లి మనం చేసే ఘనకార్యాలూ తక్కువేం కాదు. అద్దె జీపుని ఇసకలోకి దించి అలల్లో ఇరికించేవాళ్లు, తాగి ఈతకి దిగి గార్డుల చేత ఒడ్డుకి లాగించుకునేవాళ్లు, బస్సు పక్కన సిలిండర్ పెట్టి బిర్యానీ వండేవాళ్లు. తీరంమీద తాగినా, వండినా 2019 నుంచి మనిషికి 2 వేలు, గుంపుకి 10 వేలు జరిమానా ఉండేది. 2025లో దాన్ని లక్ష దాకా పెంచారు. జరిమానా పెరిగింది గానీ రసీదు రాసేవాళ్లు పెరిగినట్టు నాకు కనిపించలేదు.

రేపేమవుతుంది? ఈ తీరం ఎండిపోతుందని నేననుకోను. కోటిమంది వచ్చేచోట కొట్టు మూతపడదు. డబ్బున్న రాత్రి మాత్రం ఇప్పటికే పక్కకి జరిగిపోతోంది. మోపాకి దగ్గరని కొత్త హోటళ్లు ఉత్తరాన మోర్జిమ్ వైపు, మంచి రెస్టారెంట్లు లోపలికి అసాగావ్ వైపు లేస్తున్నాయి. భారతీయులు వీసా లేకుండా రావచ్చని థాయిలాండ్ 2023 నవంబరు నుంచి తలుపులు తీసింది. కలంగుట్ టాక్సీవాడు అడిగే డబ్బులు చూసి, యాప్ క్యాబ్‌లని రానివ్వని గొడవ చూసి, ‘ఇంకాస్త వేసుకుంటే ఫుకెట్ పోవచ్చు కదరా’ అనే మాట ఇప్పుడు ప్రతి ఆఫీసు క్యాంటీన్‌లోనూ వింటున్నాం. బాగాకి మిగిలేది మందు చవక, గది చవక, మనిషి ఇంకా చవక అనే బేరం. ఆ బేరం కొన్నేళ్లు సాగుతుంది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా విశాఖని గోవా చేస్తామని మనకి చెప్పే పెద్దలు ఏ గోవా చేస్తారో కూడా చెబితే బాగుంటుంది.

కలంగుట్ పంచాయతీ 2024 అక్టోబరులో ఒక తీర్మానం చేసింది. ఊరి పొలిమేరలో పర్యాటకుల దగ్గర ప్రవేశ పన్ను వసూలు చేయాలని, హోటల్ బుకింగ్ చూపించినవాళ్లనే రానివ్వాలని. మనవాళ్లు దాన్నీ ఎగతాళి చేశారు. నాకైతే అభ్యంతరం లేదు, అడిగింది కడతాను. బుకింగ్ కూడా చూపిస్తాను. బదులుగా నాకు ఒక్కటి కావాలి. ప్రతి షాక్ ముందు, ప్రతి క్లబ్ గుమ్మం పక్కన, మెనూ కన్నా పెద్ద అక్షరాలతో ఒక బోర్డు పెట్టాలి: లైసెన్సు ఎవరిది, నడిపేది ఎవరు, ఎన్నింటికి మూస్తారు, అగ్నిమాపకవాళ్లు చివరిసారి ఎప్పుడొచ్చారు, వంటగదికి దారులెన్ని. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఓ రేకు, కాస్త రంగు చాలు. గ్రామసభలో ఎవరైనా ఈ మాట ఎత్తితే మొదట అడ్డుపడేది మాత్రం పర్యాటకులు కారు.