రెండో విడుదలకూ సమీక్ష కావాలి

డల్లాస్‌లో గురువారం సాయంత్రం ప్రీమియర్ షో మొదలయ్యేసరికి హైదరాబాద్‌లో శుక్రవారం ఇంకా తెల్లవారదు. అక్కడ ఇంటర్వెల్ పడగానే ఇక్కడి ఫోన్లలోకి ‘ఫస్టాఫ్ రిపోర్ట్’ వచ్చేస్తుంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మార్నింగ్ షోకి జనం లోపలికి వెళ్లే వేళకు వెబ్‌సైట్లలో పూర్తి సమీక్ష, దాని కింద ఐదుకు ఇంత అని ఒక అంకె సిద్ధంగా ఉంటాయి. రెండుంబావు, రెండున్నర, రెండుముప్పావు, మూడు. ఆ పావు తేడా మీద అభిమానుల గొడవలు జరుగుతాయి, నిర్మాతలకు నిద్ర పట్టదు.

ఈ హడావుడి సద్దుమణిగిన కొన్ని వారాలకు అదే సినిమా ఇంటికి వస్తుంది. థియేటర్‌కు వెళ్లలేనివాళ్లు, టికెట్ ధర చూసి ఆగిపోయినవాళ్లు అప్పుడు చూస్తారు. ఆ రోజు వాళ్లకు పత్రికల్లో దొరికేది చాలావరకు ‘ఈ వారం ఓటీటీలో’ అన్న జాబితా ఒక్కటే. సినిమా పేరు, వేదిక పేరు, తేదీ, అంతే. తెలుగు సినిమా రెండుసార్లు విడుదలవుతున్న కాలంలో సమీక్ష మాత్రం ఒక్కసారే, అదీ అత్యంత తొందరలో రాసి సరిపెట్టడం ప్రేక్షకుడికీ అన్యాయమే, సినిమాకూ అన్యాయమే.

రెండు విడుదలల మధ్య దూరం ఎంత తగ్గిందో తేదీలే చెబుతాయి. 2022 ఆగస్టులో నిర్మాతలు షూటింగులు ఆపేసి మరీ చర్చించుకుని, థియేటర్‌లో ఆడిన సినిమాను ఎనిమిది వారాల తర్వాతే ఓటీటీకి ఇవ్వాలని తీర్మానించారు. ఆచరణలో ఎవరి ఒప్పందం వారిదే అయింది. ‘బలగం’ 2023 మార్చి 3న థియేటర్లకు వచ్చి, అదే నెల 24న ఇళ్లలోకి వచ్చేసింది. ‘గుంటూరు కారం’ 2024 జనవరి 12న విడుదలై ఫిబ్రవరి 9కి ఓటీటీలో కనిపించింది. ‘గేమ్ ఛేంజర్’ కూడా సరిగ్గా నాలుగు వారాలకే వచ్చింది. ‘దేవర’కు ఆరు వారాలు పట్టింది, ‘పుష్ప 2’ ఎనిమిది వారాలు ఆగింది.

వీటిలో ‘బలగం’ కథ సమీక్షకులందరూ దగ్గరగా చూడదగ్గది. వేణు యెల్దండి తొలిసారి దర్శకత్వం వహించిన ఆ సినిమాలో పెద్ద తారలు లేరు. కొమురయ్య అనే ముసలాయన చనిపోతాడు. ఆయనకు పెట్టిన పిండాన్ని పిట్ట ముట్టదు. మూడో రోజూ ముట్టదు, ఐదో రోజూ ముట్టదు. అన్నదమ్ముల మధ్య, బావాబామ్మర్దుల మధ్య ఏళ్లుగా పేరుకున్న పంతాలన్నీ ఆ ముట్టని కూడు చుట్టూ బయటపడతాయి. శుక్రవారం సమీక్షలు ఈ సినిమాను మెచ్చుకున్నాయి. కానీ అది ఇళ్లలోకి వచ్చాక జరిగింది వేరు. తెలంగాణ పల్లెల్లో ఊరి మధ్య తెర కట్టి అందరూ కలిసి చూశారు. చివరి ఘట్టంలో మొగిలయ్య, కొమురమ్మ దంపతుల పాటకు ఆడా మగా ఏడ్చారు. మాటల్లేని అన్నదమ్ములు ఈ సినిమా చూసి కలిశారని వార్తలు వచ్చాయి. ఒక సినిమా జనం బతుకుల్లోకి ఇంత లోతుగా వెళ్లినప్పుడు, అలా ఎందుకు వెళ్లిందో విప్పి చెప్పాల్సింది విమర్శకుడే. ఆ క్రతువులో ఏముంది, ఆ పాటగాళ్ల సంప్రదాయం ఏమిటి, సిటీ మల్టీప్లెక్స్‌లో చూసినదానికీ ఊరి కూడలిలో చూసినదానికీ తేడా ఎక్కడ వచ్చింది? ఇవన్నీ రెండో సమీక్షకు ముడిసరుకు. ఆ పని వార్తా విలేకరులు చేశారు తప్ప సమీక్ష శీర్షికలు పెద్దగా చేయలేదు.

తొలి తీర్పు తారుమారైన సినిమాలూ తక్కువేం లేవు. 2010లో వచ్చిన ‘ఖలేజా’, ‘ఆరెంజ్’ రెండూ బాక్సాఫీసు దగ్గర దెబ్బతిన్నాయి. టీవీలో పదే పదే చూసిన ఒక తరం వాటిని నిలబెట్టింది. ‘ఆరెంజ్’ 2023లో, ‘ఖలేజా’ 2025లో మళ్లీ థియేటర్లకు వస్తే జనం ఎగబడ్డారు. శుక్రవారం నాటి సమీక్షకుడు పొరబడ్డాడని దీనికి అర్థం కాదు. ఒక సినిమాను నలుగురితో కలిసి హాల్లో చూసే తీరు ఒకటి, ఇంట్లో తీరిగ్గా చూసే తీరు ఒకటి. రెండింటికీ ఒకే కొలబద్ద పెట్టడమే పొరపాటు.

దీనికి అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ ‘ఆర్ఆర్ఆర్’. 2022 మార్చి 25న అమెరికా థియేటర్లలో దాన్ని ఎక్కువగా చూసింది మన వాళ్లే. మేలో హిందీ రూపం నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాక తెలుగు ముక్క రానివాళ్లు చూడటం మొదలుపెట్టారు. జూన్ 1న అక్కడి థియేటర్లలో ప్రత్యేకంగా మళ్లీ ప్రదర్శించారు. అమెరికా విమర్శకులు దాని గురించి కొత్తగా, వివరంగా రాశారు. ఆ ఏడాది డిసెంబర్‌లో న్యూయార్క్ ఫిల్మ్ క్రిటిక్స్ సర్కిల్ రాజమౌళిని ఉత్తమ దర్శకుడిగా ఎంపిక చేసింది. 2023 మార్చిలో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చింది. విడుదలై రెండు నెలలైన సినిమా గురించి ఇంకేం రాస్తామని అక్కడి విమర్శకులు అనుకుని ఉంటే ఈ ప్రయాణం ఇలా సాగేది కాదు.

ఇంట్లో చూసే సినిమాకు విడిగా సమీక్ష రాయడం వాళ్లకు కొత్త కాదు. వీడియో క్యాసెట్ల రోజుల్లోనే, 1985లో, షికాగో విమర్శకుడు రోజర్ ఈబర్ట్ ఇంట్లో సినిమా చూసేవారి కోసం తన సమీక్షలను పుస్తకంగా తెచ్చాడు. జీన్ సిస్కెల్‌తో కలిసి చేసిన వారపు టీవీ కార్యక్రమంలోనూ కొత్త సినిమాలతో పాటు వీడియోలో చూడదగ్గవాటిని సూచించేవాడు. మన దగ్గర వీడియో లైబ్రరీలు వచ్చాయి, వీసీడీలు వచ్చాయి, 2007 ప్రాంతంలో మోజర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మింది. ఇంటి వినోదం ఇంత పెద్ద మార్కెట్‌గా ఎదిగినా దానికంటూ ఒక సమీక్షా సంప్రదాయం మాత్రం పుట్టలేదు.

అలాగని మనకు మంచి విమర్శ లేకపోలేదు. ఆంధ్రపత్రిక వారపత్రికలో ముళ్లపూడి వెంకటరమణ రాసిన సమీక్షలను ఇప్పటికీ పుస్తకంగా చదువుకుంటున్నారు. కొడవటిగంటి కుటుంబరావు సినిమా వ్యాసాలూ అంతే. వారపత్రిక గడువు వాళ్లకు కలిసొచ్చింది. సినిమా చూశాక ఆలోచించుకోవడానికి నాలుగు రోజులు ఉండేవి. ఇవాళ్టి సమీక్షకుడికి నాలుగు గంటలు కూడా లేవు. అతడికి ఆ వ్యవధి తిరిగి ఇవ్వగలిగేది ఓటీటీ విడుదలే.

మరి శుక్రవారం సమీక్షను ఏం చేయాలి? ఆపేయాలని కోరుతున్నవాళ్లు ఉన్నారు. 2023లో ఒక మలయాళ చిత్ర దర్శకుడు, విడుదలైన ఏడు రోజుల వరకు సమీక్షలు రాకుండా చూడాలని కేరళ హైకోర్టుకు వెళ్లాడు. ఆ కేసులో కోర్టుకు సహాయకుడిగా నియమితుడైన న్యాయవాది వ్లాగర్లు 48 గంటలు ఆగాలని 2024 మార్చిలో సూచించాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో ‘ఫ్యామిలీ స్టార్’ మీద పనిగట్టుకుని దుష్ప్రచారం చేస్తున్నారని సైబర్ క్రైమ్ పోలీసులకు ఫిర్యాదు వెళ్లింది. ‘కంగువ’ మీద వచ్చిన సమీక్షల తర్వాత తమిళ నిర్మాతలు మొదటి మూడు రోజులు సమీక్షలు వద్దంటూ మద్రాసు హైకోర్టును ఆశ్రయిస్తే, సమీక్ష భావప్రకటన స్వేచ్ఛ కిందికే వస్తుందంటూ కోర్టు తాత్కాలిక నిషేధానికి ఒప్పుకోలేదు.

నిర్మాతల బాధ అబద్ధం కాదు. సినిమా చూడకుండానే రేటింగులు వేసేవాళ్లున్నారు. ఒక హీరో మీద కక్షతో మరో హీరో అభిమానులు సినిమాను ముంచే ప్రయత్నాలూ జరుగుతున్నాయి. వాటి మీద చట్టపరంగా పోరాడాల్సిందే. కానీ మూడు రోజుల మౌనం మోసగాడిని ఆపదు, నిజాయితీగా రాసేవాడి నోరే నొక్కుతుంది. పైగా ఆ మూడు రోజులే ప్రేక్షకుడి జేబుకు అత్యంత భారమైనవి. ‘పుష్ప 2’కి 2024 డిసెంబర్ 4 రాత్రి ప్రీమియర్లకు మామూలు ధర మీద 800 రూపాయలు అదనంగా తీసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. నలుగురున్న కుటుంబానికి ఆ అదనమే 3,200 రూపాయలు. అంత డబ్బు పెట్టేవాడికి సరుకు ఎలా ఉందో తెలుసుకునే హక్కు మొదటి రోజే ఉండాలి. శుక్రవారం సమీక్ష ఉండాల్సిందే. అయితే దాన్ని తుది తీర్పుగా చూడటం మానాలి.

అసలు తుది తీర్పు ఇవ్వడానికి సినిమా కూడా ఒకే రూపంలో ఉండటం లేదు. ‘భారతీయుడు 2’ను విడుదలయ్యాక 12 నిమిషాలు కత్తిరించారు. ‘కంగువ’లో శబ్దం చెవులు బద్దలు కొడుతోందని ఫిర్యాదులు రావడంతో, వాల్యూమ్ రెండు పాయింట్లు తగ్గించమని నిర్మాతే థియేటర్లను కోరాడు. ‘పుష్ప 2’కి 2025 జనవరిలో 20 నిమిషాలు కలిపారు. జనవరి 30న నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చిన సినిమా నిడివి 3 గంటల 44 నిమిషాలు. అంటే డిసెంబర్‌లో సమీక్షించిన సినిమా, ఇంట్లో కూర్చుని జనం చూసిన సినిమా ఒకటి కాదు. కలిపిన ఆ 20 నిమిషాలు కథకు బలమా, బరువా అన్నది ఎవరో ఒకరు చూసి చెప్పాలి కదా.

నేరుగా ఇంటికే వచ్చే సినిమాల పరిస్థితి ఇంకా క్లిష్టం. 2021 మే 14న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘సినిమా బండి’లో ఒక ఆటో డ్రైవర్‌కు ఖరీదైన కెమెరా దొరుకుతుంది, దాంతో ఊరివాళ్లను పెట్టి సినిమా తీయబోతాడు. తెలిసిన మొహం ఒక్కటీ లేదు. 2020 అక్టోబర్‌లో ఆహాలో విడుదలైన ‘కలర్ ఫోటో’ ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకుంది. ఇలాంటి వాటికి కలెక్షన్ల లెక్కలుండవు, హౌస్‌ఫుల్ బోర్డులుండవు. టాప్ 10 జాబితాను వేదికే తయారు చేస్తుంది, వేదికే ప్రకటిస్తుంది. ఎంతమంది చూశారో అది చెప్పవచ్చు గానీ బాగుందో లేదో చెప్పదు. ఇక్కడ ప్రేక్షకుడికి బయటినుంచి దొరికే నమ్మదగిన సాక్ష్యం సమీక్ష ఒక్కటే.

ఇంట్లో చూసేటప్పుడు పక్కన పిల్లలుంటారు, అత్తమామలుంటారు. 2023 మార్చిలో ‘రానా నాయుడు’ వెబ్ సిరీస్ వచ్చినప్పుడు ఏమైందో గుర్తుండే ఉంటుంది. వెంకటేశ్ అంటే కుటుంబ కథలే అనుకుని తెలుగు ఆడియోతో పెట్టుకున్న ఇళ్లలో అందులోని బూతులకు రిమోట్ కోసం వెతుక్కున్నారు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీలు తమ కార్యక్రమాలను తామే వయసుల వారీగా వర్గీకరించుకోవాలి. తెర మూలన రెండు క్షణాలు కనిపించే ఆ గుర్తు కన్నా, ఇది ఎవరితో కలిసి చూడవచ్చో సూటిగా చెప్పే నాలుగు వాక్యాలు ఒక ఇంటికి ఎక్కువ పనికొస్తాయి.

కాబట్టి సినిమా పేజీలు నడిపే సంపాదకులు చేయాల్సిన పని స్పష్టం. శుక్రవారం సమీక్షతో పాటు వారానికొకసారి ఇంటి విడుదలల కోసం అర పేజీ కేటాయించాలి. జాబితాలో పదిహేను పేర్లు ఇచ్చే బదులు రెండు మూడు సినిమాలను ఎంచుకుని, మళ్లీ పూర్తిగా చూసి రాయించాలి. ఏ రూపం వచ్చింది, నిడివి ఎంత, తెలుగు అనువాదంలో మాటలు సహజంగా ఉన్నాయా, మామూలు చందాకే వస్తుందా, విడిగా అద్దె కట్టాలా, ఎవరితో చూడవచ్చు అన్నవి తప్పకుండా ఉండాలి. థియేటర్‌లో చూసి రాసిన అభిప్రాయం మారితే ఎందుకు మారిందో రాయాలి, మారకపోతే అదీ రాయాలి. ఆ అర పేజీలో పావు పావు మార్కులు వేయకపోయినా నష్టం లేదు. పాఠకులు కూడా ఈ శీర్షిక కావాలని తమ పత్రికలను గట్టిగా అడగాలి.